లెవెల్ క్రాసింగుల వద్ద భద్రత

రైలు మార్గము, రోడ్డు ఒకే మట్టంలో ఒకదానినొకటి దాటే చోటును లెవెల్ క్రాసింగు అంటారు. తెలుగునాట దీనిని వాడుకలో "రైలు గేటు" అని పిలుస్తారు. వంతెన గాని, సొరంగ మార్గం గాని లేకుండా రెండు రవాణా వ్యవస్థలు కలిసే స్థలం కాబట్టి ఇక్కడ ప్రమాదానికి అవకాశం ఎక్కువ. రైలు పక్కకు తప్పుకోలేదు, వెంటనే ఆగలేదు. అందుచేత ఢీకొనకుండా చూసుకునే బాధ్యత దాదాపుగా రోడ్డు మీద వెళ్ళేవారి పైన, గేటును నిర్వహించే వ్యవస్థ పైన ఉంటుంది. లెవెల్ క్రాసింగుల వద్ద ప్రమాదాలు జరిగే కారణాలు, వాటి నివారణకు భారతదేశంలోను ఇతర దేశాలలోను అనుసరిస్తున్న పద్ధతులు, వాహన చోదకులు తీసుకోవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ప్రమాదాలకు కారణాలు

ఆగే దూరం

ఇనుప చక్రానికి, ఇనుప పట్టాకు మధ్య ఘర్షణ చాలా తక్కువ. రైలు తక్కువ శక్తితో ఎక్కువ బరువును లాగగలగడానికి కారణం ఇదే. త్వరగా ఆగలేకపోవడానికి కారణం కూడా ఇదే. సరుకు నింపిన ఒక గూడ్సు రైలు బరువు నాలుగు వేల టన్నులకు పైగా ఉండవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రైలుకు అత్యవసర బ్రేకు వేసినప్పటికీ అది ఆగడానికి సుమారు ఒక కిలోమీటరు లేదా అంతకు మించిన దూరం పట్టవచ్చు. కాబట్టి పట్టాల మీద నిలిచిపోయిన వాహనం ఇంజను డ్రైవరు (లోకో పైలట్) కంటబడే సమయానికి ఢీకొనకుండా ఆపడం సాధారణంగా అతని చేతిలో ఉండదు.

దాటడానికి పట్టే కాలం

ఉదాహరణకు పది మీటర్ల పొడవున్న ట్రాక్టరు, ట్రెయిలరు ఒంటి లైనును దాటుతున్నాయనుకుందాం. బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1.676 మీటర్లు. రైలు పెట్టె పట్టాలకంటె వెడల్పుగా ఉంటుంది కనుక పట్టాలకు ఇరువైపులా మూడేసి మీటర్లు అపాయకరమైన స్థలంగా లెక్కించాలి. అప్పుడు ట్రాక్టరు ముందు భాగం ఆ స్థలంలో ప్రవేశించినది మొదలు ట్రెయిలరు వెనుక భాగం బయటపడే వరకు ప్రయాణించవలసిన దూరం సుమారు 18 మీటర్లు. ఎత్తుపల్లాల దారిలో గంటకు 5 కిలోమీటర్ల వేగంతో దీనికి 13 సెకన్లు పడుతుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు 600 మీటర్ల దూరాన్ని సుమారు 20 సెకన్లలో దాటుతుంది. అంటే 600 మీటర్ల దూరంలో రైలు కనిపించినప్పుడు బయలుదేరిన ట్రాక్టరుకు మిగిలే వ్యవధి ఏడు సెకన్లు మాత్రమే. ఆ మధ్యలో ఇంజను ఆగినా, గేరు తప్పినా ఆ వ్యవధి కూడా మిగలదు. జంట లైను అయితే దాటవలసిన దూరం ఇంకా పెరుగుతుంది.

దృష్టి భ్రమ

పెద్ద వస్తువులు అదే వేగంతో కదిలే చిన్న వస్తువులకంటె నెమ్మదిగా కదులుతున్నట్లు కంటికి తోస్తాయి. లెవెల్ క్రాసింగు ప్రమాదాలకు ఇది ఒక కారణం కావచ్చునని అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్షెల్ లైబోవిట్జ్ 1985లో ప్రతిపాదించాడు. దీనికి తోడు పట్టాల దగ్గర నిలబడినవారికి రైలు దాదాపు ఎదురుగా వస్తున్నట్లు ఉంటుంది. దూరంగా ఉన్నంతసేపు దాని ఆకారం చాలా కొద్దికొద్దిగా పెరుగుతూ, దగ్గరకు వచ్చాక ఒక్కసారిగా పెద్దదవుతుంది. అందువలన "ఇంకా దూరంగానే ఉంది" అనే అంచనా తరచుగా తప్పుతుంది. రాత్రివేళ ఇంజను దీపం ఒక్కటే కనిపిస్తుంది కనుక వేగం, దూరం అంచనా వేయడం మరింత కష్టం.

రెండవ రైలు

జంట లైన్ల వద్ద ఒక రైలు వెళ్ళిపోగానే మార్గం ఖాళీ అయిందని భావించి దాటబోయేవారు, అదే సమయంలో ఎదురు దిశలో వచ్చే రెండవ రైలుకు గురి కావడం పలు దేశాలలో కనిపించే ప్రమాద రీతి. వెళుతున్న రైలు రెండవ రైలును కంటికి కనబడనీయదు. దాని చప్పుడులో రెండవ రైలు కూత కలిసిపోతుంది.

అలవాటు, ఆతురత

రోజూ ఒకే గేటును దాటేవారికి రైళ్ళ వేళలు కంఠస్థమై ఉంటాయి. "ఈ వేళలో రైలు లేదు" అనే ధీమాతో ఇరువైపులా చూడకుండా దాటుతారు. ఆలస్యంగా నడిచే రైళ్ళు, వేళలు ప్రకటించని గూడ్సు రైళ్ళు, ఒంటరి ఇంజన్లు, ట్రాలీలు ఈ ధీమాను వమ్ము చేస్తాయి. గేటు ఎక్కువసేపు మూసి ఉండే చోట్ల ద్విచక్ర వాహనాలను వంచి అడ్డకర్ర కింద నుండి దూర్చడం సర్వసాధారణం. ఇది కేవలం క్రమశిక్షణ లోపం అని చెప్పి వదిలివేయదగిన విషయం కాదు. పట్టణాల మధ్య గేటు పదేపదే మూతపడినప్పుడు కూలికి వెళ్ళేవారు, బడిపిల్లలు, రోగులను తీసుకువెళ్ళే వాహనాలు నిలిచిపోతాయి. అందుచేత నిరీక్షణ కాలాన్ని తగ్గించడం కూడా భద్రతా చర్యే అవుతుంది.

భారతదేశంలో లెవెల్ క్రాసింగులు

వర్గీకరణ

లెవెల్ క్రాసింగు రద్దీని ట్రెయిన్ వెహికిల్ యూనిట్ (టి.వి.యు.) అనే కొలతతో లెక్కిస్తారు. 24 గంటలలో ఆ చోటును దాటే రైళ్ళ సంఖ్యను, రోడ్డు వాహన యూనిట్ల సంఖ్యతో గుణిస్తే ఇది వస్తుంది. మోటారు వాహనాన్ని, ఎడ్లబండిని ఒక యూనిట్‌గాను, సైకిలు రిక్షా, ఆటోరిక్షాలను అర యూనిట్‌గాను తీసుకుంటారు. ఉదాహరణకు రోజుకు 40 రైళ్ళు, 500 వాహన యూనిట్లు దాటే గేటు టి.వి.యు. 20,000 అవుతుంది. ఈ లెక్కను బట్టి గేట్లను స్పెషల్, ఎ, బి, సి తరగతులుగా విభజిస్తారు. పశువులు దాటే చోట్లు డి తరగతికి చెందుతాయి. టి.వి.యు. ఒక లక్ష దాటిన చోట గేటుకు బదులుగా రోడ్డు వంతెనను, రైల్వే మరియు రాష్ట్ర ప్రభుత్వం చెరిసగం వ్యయంతో నిర్మించే పద్ధతి ఉంది.

కాపలా ఉన్న గేటు పనిచేసే విధానం

కాపలా ఉన్న గేట్లు రెండు రకాలు.

ఇంటర్‌లాకింగు ఉన్న గేటు: ఇందులో గేటుకు, రైలు సిగ్నలుకు యాంత్రికంగా గాని, విద్యుత్తు ద్వారా గాని లంకె ఉంటుంది. గేటు మూసి తాళం పడితే తప్ప రైలుకు దారి ఇచ్చే సిగ్నలు పడదు. సిగ్నలు ఇచ్చిన తరువాత గేటు తెరుచుకోదు. గేట్‌మన్ మరచిపోయినా, పొరపాటు పడినా సిగ్నలు ఎర్రగానే ఉండిపోతుంది కాబట్టి రైలు గేటుకు ముందే ఆగుతుంది.

ఇంటర్‌లాకింగు లేని గేటు: ఇక్కడ స్టేషను మాస్టరు టెలిఫోను ద్వారా రైలు రాకను తెలియజేస్తాడు. గేట్‌మన్ గేటు మూసి, ఆ సంగతికి హామీగా ఒక రహస్య సంఖ్యను (ప్రైవేట్ నంబరు) చెబుతాడు. ఆ సంఖ్యను నమోదు చేసుకొని స్టేషను మాస్టరు రైలును పంపిస్తాడు. ఈ పద్ధతి పూర్తిగా మనిషి మాట మీద ఆధారపడి ఉంటుంది. గేటు తెరచి ఉండగానే సంఖ్య చెప్పడం జరిగితే దానిని అడ్డుకునే యంత్రం ఏదీ లేదు.

2024 చివరి నాటికి భారతీయ రైల్వేలో 11,000కు పైగా గేట్లకు ఇంటర్‌లాకింగు ఏర్పాటయింది.

పట్టాల మీద వాహనం చిక్కుకుపోతే రైలును ఆపడానికి గేట్‌మన్‌కు నిర్దిష్టమైన విధులు ఉన్నాయి. అతడు ఎర్ర జెండా లేక ఎర్ర దీపం చూపుతూ రైలు వచ్చే దిశగా వెళ్ళి, బ్రాడ్‌గేజి మార్గంలో అడ్డంకి నుండి 600 మీటర్ల దూరంలో ఒకటి, 1,200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు డిటోనేటర్లను పట్టాలపై అమర్చాలి. చక్రం కింద పడి ఇవి పేలినప్పుడు డ్రైవరు ప్రమాదాన్ని గ్రహించి రైలును ఆపుతాడు. వాహనం తగిలి గేటు విరిగిపోతే దాని బదులు వాడడానికి అనేక గేట్ల వద్ద జరిపే అడ్డకర్రలను (స్లైడింగ్ బూమ్) ఉంచుతారు.

హెచ్చరిక గుర్తులు

రోడ్డు పక్కన ఎర్ర అంచు గల త్రిభుజాకారపు పలక లెవెల్ క్రాసింగును సూచిస్తుంది. అందులో గేటు బొమ్మ ఉంటే కాపలా ఉన్నదని, రైలు ఇంజను బొమ్మ ఉంటే కాపలా లేనిదని అర్థం. త్రిభుజం కింద రెండు ఏటవాలు పట్టీలు ఉంటే గేటు సుమారు 200 మీటర్ల దూరంలోను, ఒక పట్టీ ఉంటే 50 నుండి 100 మీటర్ల దూరంలోను ఉన్నదని గ్రహించాలి. రైలు మార్గం పక్కన పసుపు రంగు పలకపై "డబ్ల్యు/ఎల్" అనే ఆంగ్ల అక్షరాలు గల కూత బోర్డు గేటుకు 600 మీటర్ల ముందు ఉంటుంది. అక్కడి నుండి ఇంజను డ్రైవరు కూత వేస్తూ రావాలి.

విద్యుదీకరించిన మార్గాలలో పట్టాల పైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది. అందుచేత గేటుకు ఇరువైపులా రోడ్డుకు అడ్డంగా 4.67 మీటర్ల ఎత్తున హైట్ గేజి అనే దూలాన్ని నిలుపుతారు. దానికి తగిలే ఎత్తులో గడ్డి, పత్తి, చెరకు వంటి సరుకు నింపిన వాహనాలు గేటు దాటరాదు. అటువంటి బళ్ళపై కూర్చొని ప్రయాణించడం కూడా ప్రాణాపాయమే.

చట్టాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 131వ సెక్షను ప్రకారం కాపలా లేని లెవెల్ క్రాసింగు వద్ద చోదకుడు వాహనాన్ని ఆపాలి. కండక్టరు, క్లీనరు లేదా వాహనంలోని మరొకరు దిగి పట్టాల వరకు నడచి, ఇరువైపులా రైలు గాని, ట్రాలీ గాని రావడం లేదని నిర్ధారించుకొని, ముందు నడుస్తూ వాహనాన్ని దాటించాలి. అటువంటి వ్యక్తి ఎవరూ లేకపోతే చోదకుడే దిగి చూడాలి.

రైల్వే చట్టం, 1989లోని 160వ సెక్షను ప్రకారం మూసి ఉన్న గేటును అనుమతి లేకుండా తెరిచినవారికి మూడు సంవత్సరాల వరకు, గేటును విరగగొట్టినవారికి ఐదు సంవత్సరాల వరకు జైలు శిక్ష విధించవచ్చు. కాపలా లేని క్రాసింగును అజాగ్రత్తగా దాటినవారికి 161వ సెక్షను ప్రకారం ఒక సంవత్సరం వరకు జైలు శిక్ష ఉంటుంది. ఆగి చూడకుండా దాటడం, వస్తున్న రైలు కనబడుతున్నా దాటడం రెండూ అజాగ్రత్త కిందకే వస్తాయని ఆ సెక్షను వివరిస్తుంది.

కొన్ని ముఖ్యమైన ప్రమాదాలు

మాసాయిపేట (2014): 2014 జూలై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని లెవెల్ క్రాసింగును దాటుతున్న బడి బస్సును నాందేడ్ - సికింద్రాబాదు ప్యాసింజరు రైలు ఢీకొన్నది. ఈ ప్రమాదంలో పదిమందికి పైగా విద్యార్థులు, బస్సు డ్రైవరు మరణించారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. కాపలా లేని క్రాసింగుల సమస్య తెలుగు రాష్ట్రాలలో విస్తృతంగా చర్చకు వచ్చింది ఈ ఘటనతోనే.

పెనుకొండ (2015): 2015 ఆగస్టు 24 తెల్లవారుజామున అప్పటి అనంతపురం జిల్లా (ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లా) పెనుకొండ సమీపంలో గ్రానైటు రాళ్ళతో వస్తున్న లారీ అదుపు తప్పి, మూసి ఉన్న గేటును ఛేదించుకొని బెంగళూరు - నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొన్నది. మరణించినవారిలో కర్ణాటక శాసన సభ్యుడు ఒకరు ఉన్నారు. గేటు ఉండడం, అది మూసి ఉండడం మాత్రమే చాలవని, భారీ వాహనాల స్థితి, గేటుకు చేరే రోడ్డు వాలు కూడా భద్రతలో భాగమని ఈ ఘటన తెలిపింది. లెవెల్ క్రాసింగు ప్రమాదం రోడ్డు వాహనంలోని వారికే పరిమితం కాదని, రైలు ప్రయాణికుల ప్రాణాలు కూడా తీయగలదని దీనివలన రుజువైంది.

కుశీనగర్ (2018): 2018 ఏప్రిల్ 26న ఉత్తర ప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో కాపలా లేని క్రాసింగు వద్ద బడి వ్యానును రైలు ఢీకొని 13 మంది పిల్లలు మరణించారు.

కడలూరు (2025): 2025 జూలై 8న తమిళనాడులోని కడలూరు జిల్లా సెమ్మంకుప్పం వద్ద బడి వ్యానును ప్యాసింజరు రైలు ఢీకొని ముగ్గురు విద్యార్థులు మరణించారు. ఇది కాపలా ఉన్న గేటే కాని ఇంటర్‌లాకింగు లేనిది. రైలు వచ్చే సమయానికి గేటు తెరచి ఉన్నది. ఈ ఘటన తరువాత గేట్ల వద్ద సి.సి. కెమెరాలు అమర్చాలని, గేట్‌మన్ - స్టేషను మాస్టరు సంభాషణల రికార్డులను తనిఖీ చేయాలని, ఇంటర్‌లాకింగు ఏర్పాటుకు ఉన్న పరిమితిని 10,000 టి.వి.యు. నుండి 5,000కు తగ్గించాలని రైల్వే శాఖ నిర్ణయించింది.

కాపలా లేని క్రాసింగుల తొలగింపు

2011 నాటికి భారతదేశంలో సుమారు 15,000 కాపలా లేని లెవెల్ క్రాసింగులు ఉండేవి. అనిల్ కకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నత స్థాయి భద్రతా సమీక్షా సంఘం 2012లో సమర్పించిన నివేదికలో, కాపలా ఉన్నవి, లేనివి అనే భేదం లేకుండా లెవెల్ క్రాసింగులన్నిటినీ ఐదేళ్ళలో తొలగించాలని సిఫారసు చేసింది. ఆ తరువాత ఈ దిగువ పద్ధతులలో తొలగింపు జరిగింది.

* వాహనాలు దాదాపుగా రాని క్రాసింగులను మూసివేయడం
* దారిని మళ్ళించి సమీపంలోని గేటుతో గాని, వంతెనతో గాని కలపడం
* పట్టాల కింద తక్కువ ఎత్తు గల సబ్‌వే నిర్మించడం
* గేటు పెట్టి, గేట్‌మన్‌ను నియమించడం

తొలగింపు పూర్తయ్యేలోగా కొన్ని చోట్ల "గేట్ మిత్ర" పేరుతో స్థానికులను నియమించి, దాటేవారిని హెచ్చరించే ఏర్పాటు చేశారు. 2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజి మార్గాలపై కాపలా లేని క్రాసింగులన్నీ తొలగించబడ్డాయి. అయితే వేలాది కాపలా ఉన్న గేట్లు ఇంకా మిగిలి ఉన్నాయి.

వంతెనలు, సబ్‌వేలు

రోడ్డును, రైలు మార్గాన్ని వేరు వేరు మట్టాలలోకి మార్చడమే శాశ్వత పరిష్కారం. రోడ్డు ఓవర్ బ్రిడ్జికి ఖర్చు, స్థలం ఎక్కువ కావాలి. ఇరువైపులా పొడవైన వాలు దారులు అవసరం కనుక ఇళ్ళు, దుకాణాలు తొలగించవలసి వస్తుంది. సబ్‌వేను ముందే తయారు చేసిన కాంక్రీటు పెట్టెలతో త్వరగా, తక్కువ ఖర్చుతో నిర్మించవచ్చు. కాని దానిలో వర్షపు నీరు నిలవడం పెద్ద సమస్య. 2021 సెప్టెంబరులో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో నీట మునిగిన రైల్వే సబ్‌వేలో కారు చిక్కుకొని ఒక వైద్యురాలు మరణించారు. నీరు పోయే కాలువ, పంపు, దారిలో నీరు చేరకుండా ఎత్తైన గట్టు, నీటి లోతును చూపే కొలబద్ద లేని సబ్‌వే ఒక ప్రమాదాన్ని తొలగించి మరొక ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది. పంట కోత యంత్రాలు, గడ్డి బళ్ళు పట్టేటంత ఎత్తు లేకపోతే రైతులు చుట్టు దారిలో వెళ్ళవలసి వస్తుంది. నడచి వెళ్ళేవారు మళ్ళీ పట్టాల మీదుగానే దాటడం మొదలుపెడతారు.

ఇతర దేశాలలో పద్ధతులు

అమెరికా సంయుక్త రాష్ట్రాలు: ఇక్కడ రెండు లక్షలకు పైగా లెవెల్ క్రాసింగులు ఉన్నాయి. వాటి భద్రతకు 1973 నుండి కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నిధులు కేటాయిస్తున్నది. 1972లో ఐడహో రాష్ట్రంలో మొదలైన "ఆపరేషన్ లైఫ్‌సేవర్" అనే ప్రజా చైతన్య కార్యక్రమం దేశమంతటికీ వ్యాపించింది. 1995 అక్టోబరు 25న ఇలినాయ్ రాష్ట్రంలోని ఫాక్స్ రివర్ గ్రోవ్ వద్ద ట్రాఫిక్ దీపం కోసం ఆగిన బడి బస్సు వెనుక భాగం పట్టాల మీదికి ఉండిపోవడంతో రైలు ఢీకొని ఏడుగురు విద్యార్థులు మరణించారు. రైలు వచ్చేటప్పుడు ముందున్న కూడలిలో పచ్చ దీపం వెలిగి, పట్టాల మీది వాహనాలు ముందుకు కదిలేటట్లు రెండు వ్యవస్థలను సరిగా సమన్వయం చేయవలసిన అవసరం ఈ ప్రమాదంతో స్పష్టమైంది. ప్రతి క్రాసింగు వద్ద దాని గుర్తింపు సంఖ్య, రైల్వే ఫోను నంబరు గల నీలి పలక ఉంటుంది. వాహనం చిక్కుకుపోతే ఆ నంబరుకు ఫోను చేసి రైళ్ళను ఆపించవచ్చు.

బ్రిటన్: 1968 జనవరి 6న హిక్సన్ వద్ద 120 టన్నుల ట్రాన్స్‌ఫార్మరును మోస్తున్న వాహనం, స్వయంచాలక సగం గేటు ఉన్న క్రాసింగును నెమ్మదిగా దాటుతుండగా రైలు ఢీకొని 11 మంది మరణించారు. భారీ, నెమ్మది వాహనాల డ్రైవర్లు ముందుగా టెలిఫోనులో అనుమతి తీసుకొని దాటే నిబంధన ప్రాముఖ్యం దీనివలన తెలిసింది.

జపాన్: ఇక్కడి చట్టం ప్రకారం ప్రతి క్రాసింగు ముందు వాహనం ఆగి చూసి దాటాలి. అనేక క్రాసింగుల వద్ద పట్టాల మీది అడ్డంకిని కనిపెట్టే పరికరాలు, ఎవరైనా నొక్కదగిన అత్యవసర మీట ఉంటాయి.

రైల్వేల అంతర్జాతీయ సంఘం (యు.ఐ.సి.) ఆధ్వర్యంలో 2009 నుండి ప్రతి సంవత్సరం అంతర్జాతీయ లెవెల్ క్రాసింగు అవగాహన దినం జరుపబడుతున్నది.

వాహన చోదకులు పాటించవలసిన జాగ్రత్తలు

* హెచ్చరిక పలక కనిపించగానే వేగం తగ్గించి, రేడియో ఆపి, అద్దాలు దించి వినాలి. చెవిలో ఇయర్‌ఫోన్లు ఉండరాదు.
* గేటు తెరచి ఉన్నంత మాత్రాన రైలు రాదని భావించరాదు. ఇరువైపులా చూసి దాటాలి.
* అవతలి వైపు తన వాహనం పూర్తిగా పట్టే ఖాళీ ఉంటేనే పట్టాల మీదికి ప్రవేశించాలి. ముందు వాహనాన్ని అంటిపెట్టుకొని వెళ్ళరాదు.
* గేటు వద్ద రోడ్డు కుడి భాగాన్ని ఆక్రమించరాదు. ఇరువైపులా ఇలా చేస్తే గేటు తెరిచాక వాహనాలు ఎదురెదురై పట్టాల మీదనే నిలిచిపోతాయి.
* ముందుగానే తక్కువ గేరులోకి మార్చుకొని, పట్టాల మీద గేరు మార్చకుండా దాటాలి.
* ఒక రైలు వెళ్ళిన తరువాత రెండవ లైను కూడా ఖాళీగా ఉన్నదని చూసుకోవాలి.
* గేటు త్వరగా తెరవమని గేట్‌మన్‌ను బెదిరించడం, బలవంతపెట్టడం నేరమే కాక అందరి ప్రాణాలకు ముప్పు.
* వాహనం పట్టాల మీద ఆగిపోతే మొదట అందరినీ దించి దూరంగా పంపాలి. వెంటనే గేట్‌మన్‌కు తెలపాలి. గేట్‌మన్ అందుబాటులో లేకపోతే రైల్వే సహాయ సంఖ్య 139కు ఫోను చేయవచ్చు. సామాను కోసం తిరిగి వాహనం ఎక్కరాదు.
* రైలు వస్తూ ఉంటే పట్టాలకు దూరంగా, రైలు వచ్చే దిశగా ఏటవాలుగా పరుగెత్తాలి. ఢీకొన్న వాహనపు శకలాలు రైలు వెళ్ళే దిశలో ఎగిరిపడతాయి కనుక ఆ వైపు పరుగెత్తడం అపాయకరం.

బడి బస్సుల విషయంలో డ్రైవరుతో పాటు మరొక పెద్దవారు ఉండడం, దారిలో గేటు లేని మార్గాన్ని వీలైనంతవరకు ఎంచుకోవడం, గేటు వద్ద పిల్లలను నిశ్శబ్దంగా ఉంచడం అవసరం. పిల్లలకు కూడా ఈ నియమాలు నేర్పితే, డ్రైవరు తొందరపడినప్పుడు అడిగి ఆపగలుగుతారు.

ఇవి కూడా చూడండి

* భారతీయ రైల్వేలు
* దక్షిణ మధ్య రైల్వే
* రైల్వే సిగ్నలింగు
* రోడ్డు భద్రత